తగ్గించి అన్న మాటలు

సౌండాయన సంచిలో నాలుగే వస్తువులుంటాయి: కొలిచే టేపు, చిన్న మైకు, స్క్రూడ్రైవరు, దూది. ఇళ్ళల్లో హోమ్ థియేటర్లు సరిచేయడం అతని పని. అసలు పేరు ఎవరికీ అక్కర్లేకపోయింది. షాపులో ఎలా మోగిందో ఇంట్లోనూ అలాగే మోగుతుందనుకుని జనం కొనుక్కుపోతారు. ఎలా మోగుతుంది? ఒక స్పీకరు బీరువా వెనక, ఇంకోటి కర్టెను చాటున, బేస్ డబ్బా ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ. వారం తిరక్కుండా ఫోను. "తుపాకులు బాగానే పేలుతున్నాయండీ, మనుషులే గొణుగుతున్నారు." అతను వెళ్ళి సోఫాలో కూర్చున్న మనిషి చెవి నుంచి ఒక్కో స్పీకరుకీ ఎంత దూరమో కొలుస్తాడు, ఆ దూరాలు స్పీకర్లన్నిటినీ నడిపే రిసీవర్లో ఎక్కిస్తాడు. చెవి ఎత్తులో మైకు పెట్టి ఒక్కో స్పీకరునీ 'శ్' అనిపిస్తాడు. ఎక్కువ అరిచేదాన్ని తగ్గించి, నసిగేదాన్ని పెంచుతాడు.

దూది ఎందుకంటే, పాత మాటల కోసం. ఐదు స్పీకర్లూ కుదిరి ఒక్క గొంతయ్యాయంటే ఆ గది గోడలు పట్టు వదిలేస్తాయి. అంతకుముందు సరిచేసినప్పటి నుంచి ఆ గదిలో గొంతు తగ్గించి అన్న మాటలన్నీ మధ్య స్పీకర్లోంచి వచ్చేస్తాయి, పాతవి ముందు, కొత్తవి తర్వాత. చాన్నాళ్ళకి కుళాయి తిప్పితే ముందు తుప్పు నీళ్ళు రావూ, అలాగన్నమాట. గట్టిగా అన్నవి గోడలకి అంటవు, అవి అన్నప్పుడే అయిపోతాయి. ఓ పది నిమిషాలు ఇంట్లోవాళ్ళు మర్యాదగా బయట నిలబడతారు, అతను చెవుల్లో దూది పెట్టుకుంటాడు. రిసీవరుతో వచ్చే కాగితంలో కూడా 'మొదటి పది నిమిషాలు గదిలో ఉండవద్దు' అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ కాగితం ఎవరు చదువుతారు లెండి.

ఈ పని నేర్పింది అక్క మొగుడు. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల సౌండాయనంటే బావే. ఇప్పుడు జిరాక్సు షాపు నడుపుతున్నాడు. ఏడేళ్ళ నుంచీ బావకి కుడి చెవి వినపడదు. ఆదివారం భోజనాల దగ్గర అందరూ ఆయనకి ఎడమవైపే సర్దుకుని కూర్చుంటారు. ఎవరైనా మర్చిపోయి కుడివైపు నుంచి పిలిస్తే చెయ్యి చెవికి అడ్డం పెట్టుకుని "ఆఁ?" అంటాడు. "ఈయన్ని తిట్టాలంటే చుట్టూ తిరిగి వెళ్ళి తిట్టాల్సొస్తోంది" అని అక్క నవ్వుతుంది. అందరూ నవ్వుతారు. సౌండాయన మాత్రం కంచంలోకి చూసుకుంటాడు.

ఆవేళ పొద్దున్నే టీచరమ్మ ఫోను చేసింది. రిటైరయిందిట, కొత్త రిసీవరు కొందిట. అడ్రసు చెప్పబోతుంటే "తెలుసండీ" అన్నాడు. ఎందుకు తెలీదు? ఆ ఇంటి మీదుగా వెళ్ళాల్సొస్తుందని ఏడేళ్ళుగా వీధి చుట్టూ తిరిగి పోతున్న మనిషి అతను.

గది మారలేదు. పేపరు పట్టుకుని ఆవిడ భర్త కూర్చునే చేతుల కుర్చీ కిటికీ దగ్గర అలాగే ఉంది, ఖాళీగా.

"ఆయన పోయి ఆర్నెల్లయింది నాయనా" అంది టీచరమ్మ. "నాకు సినిమాల పిచ్చేం లేదు. ఫొటోలున్నాయి, గొంతు మాత్రం ఎక్కడా లేదు. మెల్లిగా మాట్లాడే మనిషి కదా, గోడలకేమన్నా అంటుకుని ఉంటుందని ఆశ. అందుకే కొన్నాను. నువ్వు పని చూడు, నేను సోఫాలోంచి లేచేది లేదు."

ఏడేళ్ళ కిందట బావా అతనూ కలిసి ఇక్కడికొచ్చారు. దూరాలన్నీ కొలిచి, తీగలు కలపమని చెప్పి బావ ఇంకో ఇంటికి వెళ్ళాడు. అతను ఎడమ స్పీకరుకి ఎరుపు తీగ నలుపులోకీ, నలుపు తీగ ఎరుపులోకీ బిగించాడు. అలా చేస్తే ఒక స్పీకరు ముందుకి తోస్తున్నప్పుడు ఇంకోటి వెనక్కి లాగుతుంది. మాట డొల్లగా, నూతిలోంచి వచ్చినట్టుంటుంది. మర్నాడు టీచరమ్మ గోల పెడితే ఒక్కడే వచ్చి, తీగ సరిచేసి, పాత మాటలు పోనిచ్చాడు. "ఇంతకీ ఎవరయ్యా ఈ నిర్వాకం?" అని ఆవిడ అడిగింది. అప్పుడు గొంతు తగ్గించి ఒక మాటన్నాడు. అది ఆవిడ నోట పడి బడంతా పాకింది, వీధులన్నీ పాకింది. ఆ తర్వాత బావని పిలిచినవాళ్ళు లేరు. రెండు నెలలకి బావకి నిజంగానే చెవుడొచ్చింది. ఛీ, ఎంత సిగ్గుమాలినతనమో గానీ, అప్పుడతను హమ్మయ్య అనుకున్నాడు. ఎలాగూ నిజమైపోయింది కదా అని.

ఆ మాటే ఈ గది గోడల్లో అన్నిటికన్నా పాతది. గది కుదిరితే మొట్టమొదట వచ్చేది అదే.

టేపు తీశాడు, కొలిచాడు. టీవీ కింది మధ్య స్పీకరు మూతి మోకాళ్ళ వైపు ఉంటే, ముందు రబ్బరు బిళ్ళ పెట్టి చెవుల వైపు ఎత్తాడు. మూలనున్న బేస్ డబ్బాని జానెడు ఇవతలికి లాగాడు. చేతులు మంచి పనే చేస్తున్నాయి. ఎడమ స్పీకరు వెనక్కి వంగాక మాత్రం అవే చేతులు ఎరుపు తీగని నలుపులో పెట్టి బిగించాయి. మైకు పెట్టగానే 'ఎడమ స్పీకరు తీగలు చూసుకోండి' అని టీవీ మీద అక్షరాలు పడ్డాయి. వాటికడ్డంగా నిలబడి 'వద్దు' నొక్కేశాడు.

వార్తలు పెట్టాడు. చదివే ఆవిడ గొంతు డొల్లగా వచ్చింది. గోడలు ఉలకలేదు, పలకలేదు.

టీచరమ్మ మధ్య స్పీకరు వైపు చెవి ఒగ్గి చూసింది. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "పోన్లే నాయనా. నువ్వు మాత్రం ఏం చేస్తావు? ఈ గదే అంత, ఒక పట్టాన కుదరదు. అప్పుడు మీ బావ చేసినా ఇలాగే డొల్లగా వచ్చింది, పాపం. చెవి లేనివాడిని అనవసరంగా ఆడిపోసుకున్నాను."

గుమ్మం దగ్గర ఒక చెప్పు వేసుకున్నాడు. రెండోది వేసుకోలేకపోయాడు. చెయ్యని తప్పుకి బావకి రెండోసారి శిక్ష పడింది, అదీ తన కళ్ళ ముందే, జాలితో. ముఖం భగ్గుమంది. చెప్పు విడిచి లోపలికొచ్చాడు.

"టీచర్ గారూ, తీగ తిరగబడిందండీ."

"ఎవరు పెట్టారు?"

"నేనేనండీ. ఇప్పుడూ నేనే. అప్పుడూ నేనే."

ఆవిడకేదో అర్థమయ్యేలోపు వంగి తీగలు మార్చేశాడు. సంచిలోని దూది ముట్టుకోలేదు. వినాల్సిందే అనుకున్నాడు. గది ఒక్కసారి ఊపిరి వదిలినట్టయింది. మధ్య స్పీకర్లోంచి ఏడేళ్ళు చిన్నదైన అతని గొంతే వచ్చింది.

"మా బావేనండీ కలిపింది. ఆయనకి కుడి చెవి వినపడదు. పైకి చెప్పుకోడు. నేనన్నానని అనకండి."

అతను తల దించుకున్నాడు. నేలలోకి కూరుకుపోతే బాగుండుననిపించింది. టీచరమ్మ ఏదో అనబోయింది. ఇంతలో మెత్తటి గొంతొకటి వచ్చింది. ఆవిడ చెయ్యి నోటి మీదికి వెళ్ళింది.

"మర్చిపోయిన టేపు కోసం వచ్చారా? ఇదిగో. ఒక మాట చెప్పనా? మా ఆవిడ బడికెళ్ళింది కాబట్టి చెప్తున్నాను. ఆ తీగ తిప్పి పెట్టింది మీ బావమరిదే. పేపరు చాటు నుంచి చూశాను. మీ మీదకి తోశాడు. మా ఆవిడకి చెప్పేస్తాను."

తర్వాత బావ గొంతు. "వద్దండీ. నాకు తెలుసు. నా దగ్గర నేర్చుకున్నవాడి చేతి పని నాకు తెలీదా? వాడికిప్పుడే నాలుగిళ్ళు దొరుకుతున్నాయి, పేరు పోతే లేవలేడు. నేనింకేదన్నా చూసుకుంటాను."

"మీకు చెవుడని చెప్పాడయ్యా మా ఆవిడకి!"

"అయితే చెవుడే అనుకోండి. వాడి మాట అబద్ధం కాకుండా నేను చూసుకుంటాను."

సౌండాయనకి ఏడేళ్ళ ఆదివారాలు గుర్తొచ్చాయి. చెవికి అడ్డం పెట్టుకున్న ఆ చెయ్యి, ఆ "ఆఁ?", అందరి నవ్వులు. అన్నీ తన కోసం. స్పీకరు ముందే కూలబడ్డాడు.

"కాస్త పక్కకి జరుగు నాయనా" అంది టీచరమ్మ. "ఆయన మాటకి అడ్డమొస్తున్నావు."

జరిగాడు. మెత్తటి గొంతు మళ్ళీ వచ్చింది. "అలిసిపోయింది పిచ్చిది. పరీక్ష పేపర్ల మీదే నిద్రపోయింది. ఫ్యాను తగ్గిద్దామా? వద్దులే, చప్పుడుకి లేస్తుంది." ఆరున్నరేళ్ళ సాయంత్రాలు, నిద్రపోతున్న మనిషితో చెప్పుకున్న మాటలు. ఆవిడ ఏడుస్తూ, మధ్యమధ్య నవ్వుతూ అన్నీ వింది. అయిపోయాక కొంగుతో ముఖం తుడుచుకుని ఫోను చేతిలోకి తీసుకుంది.

"నలభై మందికి చెప్పుంటాను నాయనా, మీ బావకి చెవుడని. నువ్వు ఒక్కసారన్నావు, నేను నలభైసార్లన్నాను. ఇప్పుడు నలభై ఫోన్లూ నేనే చెయ్యాలి. ముందు నువ్వెళ్ళు. ఈ గది మీ బావ వచ్చి విని బాగుందంటేనే బాగున్నట్టు."

జిరాక్సు షాపులో ముగ్గురు నలుగురు కాగితాలు పట్టుకుని నిలబడి ఉన్నారు. బావ మిషను మీద వంగి ఉన్నాడు. సౌండాయన ఆయనకి కుడివైపు వెళ్ళి నిలబడ్డాడు. ఏడేళ్ళలో ఆ పక్కన నిలబడ్డం అదే మొదలు. మిషను చప్పుడులో తనకే సరిగ్గా వినపడనంత మెల్లిగా అన్నాడు.

"బావా, ఆ తీగ తిప్పి పెట్టింది నేనే."

బావ తలెత్తలేదు. ఒక కాగితం వచ్చింది, ఇంకోటి వచ్చింది. వచ్చినవి సర్దుకుంటూ అన్నాడు. "మెల్లిగా అనకురా. గోడలకి అంటుకుంటుంది. ఎప్పుడో మీ అక్క చెవిన పడితే నిన్ను బతకనివ్వదు."

సౌండాయన కళ్ళు తుడుచుకున్నాడు. షాపు మధ్యకి వచ్చి నిలబడి, రోడ్డు మీద పోయేవాళ్ళు కూడా ఆగి చూసేటట్టు గొంతెత్తి చెప్పాడు. తీగ తనే తప్పుగా పెట్టానన్నాడు, బావ మీదకి నెట్టానన్నాడు, బావ చెవులు లక్షణంగా ఉన్నాయన్నాడు. చెప్పినంతసేపూ ముఖం కందిపోయి ఉంది. అయినా ఆగలేదు.

బావ కుడి చెవిలో వేలు పెట్టి ఆడించుకున్నాడు.

"ఎందుకురా అలా అరుస్తావు?" అన్నాడు. "నాకేమన్నా చెవుడా?"