ఖాళీగా వదిలిన పదో మాట

అమ్మ కుడిచేతి చూపుడు వేలి మీద ఎప్పుడూ సూది గాట్లు ఉంటాయి. దర్జీ షాపులో కాజాలు కుట్టే పని ఆమెది. ఆ చేత్తోనే స్టాఫ్ రూములో బయాలజీ మేడమ్ ఇచ్చిన పెన్ను అందుకుంది.

"ఎక్కడ పెట్టమంటారు మేడమ్, ఇక్కడా?" అంది. కాగితంలో ఏముందని మాత్రం అడగలేదు.

ఏముందో నాకు తెలుసు. బల్లకి ఇటువైపు నుంచి తలకిందులుగా చదివేశాను. పై తరగతి ప్రశ్నపత్రం మా అమ్మాయి దొంగిలించి కాపీ కొట్టిన మాట నిజమని, వచ్చే ఏడాది సైన్సు గ్రూపు ఇవ్వకపోయినా మాకు అభ్యంతరం లేదని రాసి ఉంది. కింద ఒక గీత. ఆ గీత మీద అమ్మ సంతకం పడిందంటే నా చదువు అక్కడితో సరి.

నేను దొంగిలించలేదు. దొంగిలించాల్సిన అవసరమే లేదు.

మేడమ్ మాకు నెలకి నలభై సైన్సు మాటలు, వాటి అర్థాలు రాయిస్తుంది. నంబర్లతో సహా బట్టీ పట్టాలి. "పదిహేడు" అని ఆమె అంటే క్లాసంతా పదిహేడో అర్థం అప్పజెబుతుంది. ఆ నలభైలోంచి పది పరీక్షలో వస్తాయి. మొన్న శుక్రవారం ఆమె సెలవు పెట్టింది. ముందురోజే ప్రశ్నపత్రాల కట్టలు కట్టి, పైన చీటీలు అంటించి వెళ్లింది. మా తరగతి చీటీ పై తరగతి కట్ట మీద అంటించింది. ఆ రోజు మా గదికి డ్రిల్ మాస్టారు వచ్చారు.

"ఇవి మాకు చెప్పినవి కావు సార్" అన్నారు వెనక బెంచీవాళ్లు.

"నాకూ చెప్పలేదు. నోరు మూసుకుని రాయండి" అన్నారాయన.

అందరూ రాశారు. ఒకటో మాటకి తమ బట్టీలోని ఒకటో అర్థం, రెండో దానికి రెండోది, అలా వరసగా దించేశారు. లూకోసైట్ అంటే ఆకులు ఆహారం తయారుచేసుకోవడం అని ముప్ఫైమంది రాశారు.

నేను కుట్టు చూశాను. అమ్మ ఏ బట్ట చేతికిచ్చినా ముందు తిరగేసి లోపలి కుట్టు చూస్తుంది. కుట్టు దొరికితే ఎన్ని ముక్కలు కలిపారో తెలిసిపోతుందంటుంది. సైన్సు మాటలూ అంతే. వాటిలో చాలా వరకు గ్రీకు ముక్కలు కలిపి కుట్టినవే. మా ఊరి బడి బీరువాలో అట్ట ఊడిపోయిన నిఘంటువు ఒకటి ఉండేది. ఏ మాట ఏ గ్రీకు ముక్కల నుంచి వచ్చిందో అందులో చివర సన్నటి అక్షరాల్లో ఉండేది. రెండేళ్ల పాటు ఆ ముక్కలన్నీ ఒక నోటుబుక్కులోకి ఎక్కించుకున్నాను. లూకో అంటే తెలుపు, సైట్ అంటే కణం. బ్రాడీ అంటే నెమ్మది, కార్డియా అంటే గుండె. ఐటిస్ అంటే వాపు. ఆ ఒక్క ముక్క వస్తే ఒంట్లో ఏ వాపునైనా పేరు పెట్టి పిలవొచ్చు. ఆ రోజు తొమ్మిది రాశాను. పదోది ఖాళీగా వదిలేశాను.

సోమవారం నా పేపరు మీద పెద్ద సున్నా. కట్టలు తారుమారైన సంగతి మేడమ్‌కి దిద్దేటప్పుడే తెలిసింది. పరీక్ష రద్దు చేస్తే ప్రిన్సిపాల్ ఎందుకని అడుగుతాడు. అందరికీ సున్నా వచ్చి ఉంటే గుట్టుగా చెత్తబుట్టలో పడేసేది. తొమ్మిది సరిగ్గా రాసిన నా పేపరు అడ్డొచ్చింది. అందుకే నేను ప్రశ్నపత్రం దొంగిలించానని క్లాసులో అనేసింది.

"సైలెన్సర్ దొంగ పని కూడా సైలెంటుగానే చేసింది" అన్నాడొకడు. నోరు విప్పనని క్లాసులో నాకు పెట్టిన పేరు అది. అందరూ నవ్వారు, మేడమ్ కూడా నవ్వింది. పై తరగతి పేపరు మా గదికి వస్తుందని నాకెలా తెలుస్తుంది, తెలియకుండా దాన్ని ఎందుకు దొంగిలిస్తాను? ఈ రెండు ముక్కలూ నా నాలుక చివర్న నిలబడ్డాయి, బయటికి రాలేదు. ఇంటికి వచ్చాక దిండులో మొహం పెట్టి ఇరవైసార్లు అన్నాను.

ఇప్పుడు అమ్మ పెన్ను మూత తీసింది.

"పెట్టొద్దమ్మా" అన్నాను.

మేడమ్ తలెత్తింది. "ఏంటి? మాట్లాడటం వచ్చా నీకు?"

"నేను దొంగిలించలేదు. కట్టల మీద చీటీలు మీరే మార్చి అంటించారు."

"ఓహో. మరి పదోది వదిలేశావేం? దొరికిన కాగితంలో అది లేదా?" అని అమ్మ వైపు తిరిగింది. "చూశారా అమ్మా, అదొక్కటీ రాయలేకపోయింది. నిజంగా వచ్చినదైతే అది మాత్రం ఎందుకు రాదు?"

"నాకు వచ్చు."

"వస్తే రాసేదానివే."

"నాకు వచ్చు అంటున్నానా!"

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. పక్క బల్ల దగ్గర లెక్కల మాస్టారు దిద్దుతున్న పేపరు పక్కన పెట్టేశారు. మేడమ్ కుర్చీ వెనక్కి జరిపింది. "అరవకు. ఏంటిది, హిస్టీరియా వచ్చినదానిలా?"

"పదో మాటలో ఉన్నదీ అదే మేడమ్" అన్నాను. "మొదటి ముక్క అదే. హిస్టెరా. గ్రీకులో గర్భసంచి. ఆడవాళ్లకి కోపం వచ్చినా ఏడుపొచ్చినా గర్భసంచి వల్లే వస్తుందని వెనకటివాళ్లు ఆ జబ్బుకి ఆ పేరు పెట్టారు. రెండో ముక్క ఎక్టమీ. కోసి తీసేయడం. హిస్టరెక్టమీ అంటే గర్భసంచి కోసి తీసేయడం. నేను కుట్టు విప్పిన మొట్టమొదటి మాట అది. మా అమ్మ డిశ్చార్జి కాగితంలో ఉంది."

నేను అమ్మ వైపు చూడలేకపోయాను.

రెండేళ్ల క్రితం కడుపునొప్పని ఆస్పత్రికి వెళితే, అక్కడా ఇలాగే కాగితం ముందు పెట్టి ఇక్కడ అని వేలితో చూపించారు. సంతకం పెట్టింది. గడ్డ తీశామన్నారు. నెలసరి ఆగిపోయిందంటే నీరసమన్నారు, టానిక్ తాగితే అదే వస్తుందన్నారు. ఈ రోజుకీ తాగుతోంది. నీకో చెల్లెలు పుడితే దానికి నీ పాత గౌన్లే కుడతానంటుంది. ఆ కాగితం మొత్తం వెతికాను. గడ్డ అన్న మాట ఎక్కడా లేదు.

"ఇంటి సంగతులన్నీ ఇక్కడెందుకు" అంది మేడమ్. ఆమె గొంతు తగ్గింది. "అమ్మా, మీరు సంతకం పెట్టండి."

అమ్మ పెన్నుకి మూత పెట్టింది. కాగితాన్ని నా వైపు తిప్పింది.

"ఇందులో ఏముందో చదువు."

చదివాను.

"నిజమా?"

"కాదు."

"చదివించుకోకుండా ఒకసారి పెట్టాను మేడమ్" అంది అమ్మ. "ఇంకోసారి పెట్టను."

"అయితే ఇది ప్రిన్సిపాల్ దగ్గరికి వెళుతుంది."

"వెళ్లనివ్వండి. ఆ కట్టలు కూడా పట్టుకెళ్లండి. వాటి మీది చీటీలు చింపకండి."

లెక్కల మాస్టారు మేడమ్ వైపే చూస్తున్నారు. మేడమ్ కాగితాన్ని సొరుగులో పడేసి తాళం వేసింది.

రోడ్డు మీద అమ్మ నా ముందు పరుగులాంటి నడక నడిచింది. అందుకోలేకపోయాను. బస్టాపు దగ్గర ఆగి, వెనక్కి తిరగకుండానే అడిగింది.

"ఎన్నాళ్లుగా తెలుసు నీకు?"

"రెండేళ్లు."

"రెండేళ్లు నేను ఆ టానిక్ తాగుతుంటే చూస్తూ కూర్చున్నావు. చెంచా కూడా నువ్వే కడిగిచ్చావు."

మేడమ్ మీద వచ్చిన కోపమంతా తిరిగి నా మీదికే వచ్చింది. ఆ రెండేళ్లూ ఆ మాట అమ్మతో ఎలా అనాలో తెలియక ఊరుకున్నాను. సిగ్గు అని దానికి పేరు పెట్టుకున్నాను. పరీక్షలో ఆ చోటు ఖాళీగా వదిలిందీ ఆ సిగ్గుతోనే. అమ్మ ఒక్కటి కొట్టి ఉంటే బాగుండేది. కొట్టలేదు.

ఇంటికి చేరాక టానిక్ సీసా బయటికి విసిరేస్తుందనుకున్నాను. విసరలేదు. మూత గట్టిగా బిగించి సంచిలో పెట్టుకుంది. బట్టల పెట్టె అడుగు నుంచి డిశ్చార్జి కాగితం తీసి దాని పక్కనే పెట్టింది. మొహం కడుక్కుని, చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడింది.

"నీ నోటుబుక్కు తెచ్చుకో" అంది. "ఆస్పత్రికి వెళుతున్నాం. వాళ్లు ఏ మాట అన్నా అక్కడికక్కడే విప్పి చెప్పు. నాకొక్కదానికే కాదు, అక్కడున్న అందరికీ వినపడాలి."