రెండు నిండు చుక్కలు

"ఎలాగూ ఖాళీగానే ఉంటావుగా, ఈ గ్రాఫులు గీసిపెట్టు. క్లాసు నోట్సుకి." కాగితాల కట్ట వంటింటి గట్టు మీద పడేసి భర్త కాలేజీకి వెళ్లిపోయాడు.

ఆయన లెక్కల లెక్చరరు. ఆమె కూడా ఒకప్పుడు అదే కాలేజీలో లెక్కలు చెప్పింది. పాప పుట్టాక మానేసిందని అందరూ అంటారు. మాన్పించారని ఆమె ఒక్కతే అనుకుంటుంది. గిన్నెలు తోమి, పాపని పడుకోబెట్టి, మధ్యాహ్నాలు స్కేలు పట్టుకుని కూర్చుంటే, "బొమ్మలేసుకుంటున్నావా, హాయైన పనే," అనేది అత్తగారు.

అన్నీ ముక్కల ప్రమేయాలే, ఇంగ్లీషులో పీస్‌వైజ్ ఫంక్షన్లు. x విలువ రెండు దాకా ఒక సూత్రం, రెండు దాటగానే ఇంకోటి. ఆమెకి కొత్తేం కాదు. గడప అవతల "మా ఆవిడ నాకంటే తెలివైంది" అనే మనిషే గడప ఇవతల "నీకేం తెలుసు, ఊరుకో" అంటాడు. గీత తెగిన చోటే జాగ్రత్తగా ఉండాలి. అక్కడ ఒక ముక్క కొసన నిండు చుక్క పెడితే, రెండో ముక్క కొసన ఖాళీ సున్నా పెట్టాలి. రెండూ నింపితే ఒకే x కి రెండు జవాబులొస్తాయి. ఇక అది ప్రమేయమే కాదు.

అయినా క్లాసు నోట్సుకి బొమ్మల కింద వరస నంబర్లు వెయ్యమన్నాడెందుకు? చుట్టూ అంత మార్జిన్ వదలమన్నాడెందుకు? అడిగితే, "పోలీసులా ఏంటా ప్రశ్నలు," అని నవ్వాడు. ఆ నవ్వు ఒక్క క్షణం ఆలస్యంగా వచ్చింది. ఆ రోజే నలభై ఒకటో బొమ్మలో, x రెండు దగ్గర, కావాలనే రెండు చుక్కలూ నల్లగా నింపింది. క్లాసులో చెప్పేవాడైతే బోర్డు మీద వేస్తూనే పట్టుకుంటాడు. చూడకుండా ఇంకెవరికో ఇచ్చేవాడైతే, ఎక్కడో ఒకచోట అది బయటపడుతుంది.

మూడు నెలలకి బయటపడింది. ఎదురింటి అమ్మాయి కొత్త గైడు పట్టుకొచ్చి, "ఆంటీ, ఇక్కడ రెండూ నిండుగా ఉన్నాయేంటి?" అంది. నలభై ఒకటో బొమ్మ. అట్ట మీద భర్త పేరు ఒక్కటే ఉంది. లోపల కృతజ్ఞతల్లో ప్రిన్సిపాలున్నాడు, టైపు చేసినవాడున్నాడు. ఆమె లేదు.

రెండు రోజుల తర్వాత ఆయన చెప్పులు కూడా విప్పకుండా లోపలికొచ్చాడు.

"నలభై ఒకటి తప్పు గీశావు. రెండో ముద్రణ ఆపేశారు, తెలుసా?"

"క్లాసు నోట్సుకి ముద్రణేంటండీ?"

ఆయన అప్పుడు చెప్పులు విప్పడం మొదలెట్టాడు. అత్తగారే అందుకుంది. "గీసింది నువ్వేగా. ఒప్పుకోవడానికేం?"

"ఒప్పుకుంటానత్తయ్యా. ఎనభై బొమ్మలూ నేనే గీశాను. మీరే సాక్షి."

ఆయన గొంతు తగ్గింది. సరైనది ఇప్పుడే గీసిమ్మన్నాడు. ఆమె పాపని అత్తగారి ఒళ్లో కూర్చోబెట్టి, అలమరలోంచి కవరు తీసింది. సరిచేసిన బొమ్మ రెండు రోజులుగా అందులోనే ఉంది. దాంతోపాటు ప్రచురణకర్తకి, ఆమె సంతకంతో ఒక ఉత్తరం కూడా.

"గ్రాఫులో ఒకే x దగ్గర రెండు నిండు చుక్కలు కుదరవండీ," చెప్పులేసుకుంటూ అంది. "అట్ట మీద రెండు పేర్లు కుదురుతాయి."