నీలిరంగు అద్దాలు

తడిగుడ్డతో ఒక్కసారి తుడవగానే డాబా మీది సోలార్ పలక రంగు ఊడి, దర్జీ అమ్మాయి చేతికి నీలంగా అంటుకుంది.

బొగ్గు కరెంటు ఫ్యాక్టరీ పక్కన పుట్టినవాళ్లకు పొద్దున లేస్తే కనిపించినదల్లా తుడవడం అలవాటు. ఫ్యాక్టరీ మూతపడి బూడిద రాలడం మానేసినా చెయ్యి ఊరుకోదు. ఆమె పలకను ఎత్తి చూసింది. అది రంగేసిన కిటికీ అద్దం. వెనక వైరు పేరుకు గోడలోకి దిగి అక్కడే ఆగిపోయింది. అంటే ఇంట్లో దీపాలు వెలిగేది పాత లైనుతోనే. సోలార్ వచ్చేసిందని ఇంకాసేపట్లో సభ పెట్టి మరీ తీసేసేది ఆ లైనునే. బాయిలర్ దగ్గర ఊపిరితిత్తులు పాడుచేసుకున్న నాన్న, దాంతో నడిచే ఆక్సిజన్ మిషన్ మీద బతుకుతున్నాడు.

తీయించేది సొంత మేనమామ. ఒకప్పుడు కార్మిక నాయకుడు, ఇప్పుడు ఇంటింటికీ సోలార్ పలకలు పెట్టించిన ‘అందరికీ సమాన వెలుగు’ సంఘం అధ్యక్షుడు. మనిషికంటే ముందు మెడలో దండ నడిచొచ్చే రకం. ఆమె సభకు వెళ్లేసరికి కార్మికుల త్యాగం గురించి గొంతు పూడుకుపోయేలా మాట్లాడుతున్నాడు. కన్నీళ్లను మాత్రం ఫొటోగ్రాఫర్ వచ్చేదాకా ఆపుకున్నాడు. ఫ్యూజు పీకడానికి లైన్‌మన్ స్తంభమెక్కి ఆయన సైగ కోసం చూస్తున్నాడు.

ఆమె నీలిగుడ్డను వేదిక మీద పరిచి, డాబా మీది పలక వట్టి రంగేసిన అద్దమని చెప్పింది. మామయ్య నవ్వి, మంచుకు కాస్త రంగు వదిలిందని, కోడలుపిల్లకు జాకెట్లు కుట్టడం తప్ప ఏం తెలుసని జనానికి సర్దిచెప్పాడు. సగంమంది నవ్వారు కూడా. దండలంటే వాళ్లకు అంత గౌరవం.

“సరే మామయ్యా. నాన్న మిషన్ ఇంట్లో నడుస్తోంది. వేరే సిలిండర్ లేదు. నువ్వు చెయ్యెత్తు.”

చెయ్యి లేవలేదు.

“ఎత్తవయ్యా,” అన్నాడు ముందు వరుసలోని ముసలి ఫిట్టర్. “అసలు పలకలైతే నీ బావకేం కాదుగా.”

నవ్వులు ఆగిపోయాయి. లైన్‌మన్ మెల్లగా స్తంభం దిగేశాడు. మామయ్య దండ తీసి కుర్చీ మీద పడేశాడు. ముఖంలో సిగ్గు లేదు, విసుగే ఉంది.

“అవును, అద్దాలు పెట్టించింది నేనే. అసలువి కొండ మీది బంగ్లాలకు వేయించాను. అక్కడ కరెంటు పోతే వాళ్లు పైవాళ్లకి ఫోన్ చేస్తారు, నా పదవి పోతుంది. మీకు పోతే మహా అయితే విసనకర్ర వెతుక్కుంటారు. బావ సంగతి నాకు గుర్తులేక కాదమ్మాయ్. ఎలాగూ పోయే మనిషేగా అనుకున్నాను.”