ఇరవై రెండు కన్నాల నిప్పు

మల్సుక్‌కి ఇప్పటికీ నేల మీద పడుకుంటేనే నిద్ర. పన్నెండో అంతస్తులో మీట నొక్కితే గదంతా ఒకే తీరున వెచ్చబడుతుంది. అయినా కునుకు పట్టే వేళకి ఆమె చెయ్యి పరుపు దాటి నేల మీద పాకుతుంది, దేన్నో వెతుకుతున్నట్టు. అప్పటి ఇంట్లో వెచ్చదనం ఒక్క మూలనే ఉండేది. గోడకి అటుపక్క వంటింటి పొయ్యి, దాని వేడి నేల కింద నుంచి పాకేది. ఆ మూలన నేలకి అంటించిన నూనె కాగితం కమిలి తేనె రంగుకి తిరిగింది. చెయ్యి ఆ మూలకి చేరిందనుకోగానే కొండవాలూ, మంచూ, మసక వెలుగులో పొగలూ వచ్చేస్తాయి. ఆమెకి తొమ్మిదేళ్ళు వచ్చేస్తాయి.

సియోల్‌లో కొండవాలు మీద సందు అది. ఇద్దరు ఎదురైతే ఒకరు గోడకి ఒత్తుకోవాలి. ఒకరింట్లో పొలమారితే పక్కింటివాళ్ళు మంచినీళ్ళు తాగమని కేకేసేవాళ్ళు. కుళాయి అందరికీ ఒకటే, అదీ కొండ దిగువన.

ఆ రోజు నాన్న ఆసుపత్రికి బయల్దేరుతూ చెప్పాడు. "మూడింటికి బొగ్గుబిళ్ళ మార్చు. అమ్మా బిడ్డా వచ్చేసరికి నేల కాలుతుండాలి. పుట్టి నాలుగు రోజులైనా కాలేదు, చలిని తట్టుకోలేదు."

"మారుస్తాలే నాన్నా."

మార్చలేదు. వాలంతా గడ్డకట్టి ఉంది. పిల్లలందరూ గడ్డి సంచుల మీద కూర్చుని జారుతున్నారు. జారడం, ఎక్కడం, మళ్ళీ జారడం. కింద నుంచి ఎక్కి వస్తూ ఒకసారి తలెత్తి చూసింది. సందులో అన్ని పొగగొట్టాల్లోంచీ పొగ లేస్తోంది. వాళ్ళింటి గొట్టంలోంచి లేదు.

పొయ్యి మూత తీస్తే లోపల కన్నాల బొగ్గుబిళ్ళ తెల్లగా బూడిదై ఉంది. చెయ్యి పెట్టినా చురుక్కుమనలేదు. పుల్లలతో కొత్తగా రాజెయ్యాలంటే పెద్దవాళ్ళకే రెండు గంటలు పడుతుంది. పొద్దు గోడల మీదికి దిగిపోయింది. నిప్పు చచ్చిన ఇంటివాళ్ళు ఒక నల్లబిళ్ళ పట్టుకుని ఇరుగుపొరుగుకి వెళ్తారు. అది ఇచ్చి, సగం కాలిన ఎర్రబిళ్ళ తెచ్చుకుంటారు. మల్సుక్ కూడా బిళ్ళ పట్టుకుని పరుగెత్తింది.

పక్కింటి చెప్పులు కుట్టే తాత తల అడ్డంగా ఊపాడు. "ఇప్పుడే మార్చానే పిల్లా. పై బిళ్ళ ఇంకా అంటుకోలేదు, కింది బిళ్ళ బూడిదవుతోంది. ఇస్తే నీకూ ఉండదు, నాకూ ఉండదు."

"ఎవరింట్లో ఉంటుంది తాతా?"

తాత సూదితో వాలు పైకి చూపించాడు. "హేనమ్ ఆవిడ మధ్యాహ్నం తిండి కాగానే మారుస్తుంది. ఈపాటికి బిళ్ళ మంచి నిప్పు మీద ఉంటుంది."

మల్సుక్ తన బూట్ల వైపు చూసుకుంది. హేనమ్ ఊరి నుంచి వచ్చిన ఆ అత్తకీ అమ్మకీ చలికాలానికి ముందు నుంచీ మాటల్లేవు. కుళాయి దగ్గర ఎవరి బకెట్ ముందన్న దగ్గర మొదలై, పుట్టిన ఊళ్ళ దాకా పోయింది. దాని గుమ్మం తొక్కితే కాళ్ళు విరగ్గొడతానని అమ్మ అంది. హేనమ్ అత్తకి బొగ్గు కొట్టువాడితోనూ పడదు. కొండకి అవతలి కొట్టు నుంచి తెప్పించుకుంటుంది. సందంతటికీ పంతొమ్మిది కన్నాల బిళ్ళలు. ఆమె ఇంట్లో మాత్రం ఇరవై రెండు కన్నాలవి.

మల్సుక్ ఎక్కింది.

హేనమ్ అత్త గుమ్మంలో పీట వేసుకుని మొలకలు ఏరుతోంది. "ఎవరూ?"

"నేనత్తా. మల్సుక్‌ని."

"ఏ మల్సుక్? బకెట్ మహారాణి కూతురివా?"

మల్సుక్ చేతిలోని నల్లబిళ్ళని ముందుకి చాపింది.

"నిప్పు చచ్చిందా?"

"చచ్చింది."

"మీ అమ్మ నోట్లో ఉన్న మంట చాలదూ? మళ్ళీ అరువెందుకు?"

"అమ్మ ఆసుపత్రిలో ఉందత్తా. బిడ్డని తీసుకుని ఇవాళే వస్తోంది."

మొలకల్లో చెయ్యి ఆగింది. "ఎన్నింటికి?"

"చీకటి పడేలోగా."

"మరి ఇంతసేపూ ఏం వెలగబెడుతున్నావు?"

"జారుడాట."

హేనమ్ అత్త లేచి పట్టకారు అందుకుంది.

నిప్పుని ఆమే మోసింది. మల్సుక్ ముందు నడిచింది, రెండడుగులకోసారి వెనక్కి చూస్తూ. మంచు మొదలైంది. ఒక్కో రేకు వచ్చి ఎర్రటి బిళ్ళ మీద వాలుతోంది, సుయ్యిమని లేకుండా పోతోంది. గోడలు ఎర్రబడుతున్నాయి, నల్లబడుతున్నాయి. కలలో మల్సుక్‌కి హేనమ్ అత్త కనిపించదు, పట్టకారూ కనిపించదు. నిప్పొక్కటే మోకాలి ఎత్తున, కన్నాలన్నీ తెరుచుకుని, సందు దిగి వస్తుంటుంది.

ఎర్రబిళ్ళ అడుగున పెట్టి, మల్సుక్ తెచ్చిన నల్లదాన్ని హేనమ్ అత్త పైన పెట్టింది. కన్నాలు కలవలేదు. "నాది వేరు, మీది వేరు. ఎలా కుదురుతాయి?" అని గొణిగి, పైదాన్ని కొద్దికొద్దిగా తిప్పింది. "ఐదారు కలిశాయి. చాల్లే. మంటకి దారి దొరికింది." తర్వాత గదిలోకి వచ్చి మోకాళ్ళ మీద వంగి, నేల కాగితం చిరుగుల్లోంచి బొగ్గు విషపు పొగ వస్తోందేమోనని అంచుల వెంట వాసన చూస్తూ తిరిగింది, కుక్కలాగా. మల్సుక్‌కి నవ్వొచ్చింది. నవ్వలేదు.

బదులు ఇంకో బిళ్ళ ఇవ్వబోతే అత్త తోసేసింది. "పంతొమ్మిది కన్నాలది నాకెందుకు? నేనొచ్చానని మీ అమ్మకి చెప్పకు. పాలు విరిగిపోగలవు."

చీకట్లతోపాటే వాళ్ళొచ్చారు. అమ్మ బిడ్డని దించకుండా ముందు వంగి, ఆ మూలన అరచెయ్యి ఆన్చింది. చాలాసేపు ఉంచింది. "గోరువెచ్చగా ఉంది. ఇంకా కాలుతుందిలే," అంది. బిడ్డని అక్కడ పడుకోబెట్టింది.

తెల్లవారాక నాన్న అడుగు బిళ్ళని బయటికి తీసి గుమ్మం దగ్గర పెట్టాడు. బాలింత గడప దాటకూడదు. అమ్మ తలుపు సందులోంచి దాన్ని చూసింది. పెదాలు కదిలాయి, కన్నాలు లెక్కపెడుతున్నట్టు.

"మల్సుక్, నిప్పు ఎవరిని అడిగావు?"

"తాతని. ఆయన దగ్గర లేదు."

"తర్వాత?"

మల్సుక్ చెల్లెలి వేళ్ళ వైపు చూస్తూ ఉండిపోయింది. అమ్మ మళ్ళీ అడగలేదు. బిడ్డకి పాలిచ్చి నిద్రపుచ్చింది. అప్పుడంది: "ఆ బిళ్ళ పారెయ్యకు. హేనమ్ ఆవిడ గుమ్మం ముందు నిటారు వాలు. నీళ్ళు మోసుకుంటూ ఎక్కాలి. చితక్కొట్టి, కాలు జారకుండా ఆ మంచు మీద చల్లిరా."

"మరి మన గుమ్మం ముందు?"

"మనకి రేపటి బూడిద ఉంటుందిగా."

"నువ్వు పంపావని చెప్పనా?"

"ఏమీ చెప్పకు."

మల్సుక్ చల్లుతుండగానే హేనమ్ అత్త కావడితో ఎక్కి వచ్చింది. ఆగింది. చితకని పెచ్చు ఒకటి ఉంటే బూటు మొనతో తిరగేసింది. చిన్న చిన్న కన్నాలు, దగ్గర దగ్గరగా.

"నా బూడిద నాకే పంపిందా మీ అమ్మ."

మల్సుక్ ఇంకో గుప్పెడు చల్లింది.

"ఆడా, మగా?"

"చెల్లి."

"నేల కాలుతోందా?"

"మూలన కాలుతోంది."

"ఊఁ."

కావడి భుజం మార్చుకుని, బూడిద మీదుగా అడుగులో అడుగు వేసుకుంటూ ఎక్కింది. బకెట్లు అటూ ఇటూ ఊగాయి. నీళ్ళు తొణకలేదు.

కల అక్కడికి వచ్చేసరికి మల్సుక్ చెయ్యి కదలడం మానేస్తుంది. అరచెయ్యి నేలకి ఆనే ఉంటుంది, తెల్లవారేదాకా.