పేట సంచి

జాన్‌బాషా షట్టరు పైకి నెట్టి, ముందు కుండ కడిగాడు. సాయంత్రానికి షాపే ఉండదని తెలుసు. అయినా కుండ నింపకుండా కంప్యూటర్లు ఆన్ చేయడం ఆయనకి చేతకాదు. క్యాన్ వంచి నిండా నీళ్లు పోసి, మూత పెట్టి, మూత మీద స్టీలు గ్లాసు బోర్లించి గడప పక్కన ఉంచాడు. జగ్గయ్యపేటలో వత్సవాయి బస్సు కోసం నిలబడేవాళ్లలో సగంమంది ఆ కుండని ఎరుగుదురు. షాపు పేరేమిటంటే మాత్రం తెల్లమొహం వేస్తారు.

పేరు గుల్షన్ నెట్ సెంటర్. ఆయన భార్య పేరే. ఎండకి బోర్డు మీద చివరి అక్షరాలు వెలిసిపోయి ఉత్త 'గుల్' మిగిలింది. ఆ రంగు వేయించలేదని ఆవిడ ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది.

జాన్‌బాషా యాభైకి దగ్గరపడిన సన్నటి మనిషి. తెరల్లోకి వంగి వంగి మెడ కాస్త ముందుకొచ్చేసింది. ఎవరైనా పలకరిస్తే ముందు తల వస్తుంది, తర్వాత మనిషి వస్తాడు. ఫోన్లొచ్చి నెట్ సెంటర్ల పని పట్టాయి. రేపట్నుంచి నందిగామ అవతల కీసరలో బావమరిది హారూన్ హోటల్లో కౌంటరు మీద కూర్చోవాలి. సాయంత్రం పాత సామాన్లు కొనేవాడు ఆటో తెస్తానన్నాడు. ఆ సామాన్లలో మూలనున్న కంప్యూటరు కూడా పోతుంది. దాంట్లోనే పేట ఉంది. ఆటో వచ్చేలోగా ఆమెని సాగనంపాలి. ఇవాళ్టికి మిగిలిన అసలు పని అదొక్కటే, దానికే ఆయనకి చేతులు రావడం లేదు.

పేట అంటే ఓ ఆటలో వీరనారి. ఆ ఆటకి ఇంగ్లీషులో బారెడు పేరుంది గానీ, ఈ షాపులో దాన్ని కోటాట అనే అన్నారు. దాన్ని లాగగలిగే కంప్యూటరు అప్పట్లో ఒక్కటే ఉండేది. అందుకని అందరికీ కలిపి ఒకే వీరనారి, వంతులవారీగా ఆడటం. ఎవరి పేరు పెట్టాలన్న గొడవ తేలక ఊరి పేరు పెట్టారు. ఆటలో రాజులూ సేనాపతులూ కూడా ఆమెని పేటా అనే పిలవాల్సి వచ్చింది.

దానికి జాన్‌బాషా ఒకే నియమం పెట్టాడు. కుర్చీ దిగేవాళ్లు పేటని సత్రంలో పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, ఆమె సంచిలో రొట్టెలూ గాయాల మందూ నింపి మరీ దిగాలి. "తర్వాతోడు ఎక్కేసరికి పిల్ల ఆకలితో ఉండగూడదురా," అనేవాడు. సంచి ఖాళీగా వదిలినవాడికి వారం పాటు వంతు లేదు.

అసలు కథ అయిపోయాక, ఆట తయారుచేసినవాళ్లు చివర మరో భాగం అతికించి వదిలారు. అందులో యుద్ధమే లేదు. పేట తన స్నేహితుల ఊళ్లన్నీ తిరిగి కత్తి ఒకరికి, డాలు ఒకరికి, గుర్రం ఇంకొకరికి ఇచ్చేసి, సత్రానికి తిరిగొచ్చి, వెనక తలుపు తీసుకుని వెళ్లిపోవాలి. తలుపు తీశాక ఇక వెనక్కి రావడం లేదు. దాంతో షాపు రెండు ముక్కలైంది. "నెలల తరబడి చచ్చీచెడీ సంపాదించిన కత్తి దానం చేయమంటాడేంటి!" అని రోజూ ఆడే కుర్రాడు సతీష్‌బాబు కీబోర్డు మీద ఒక్క గుద్దు గుద్దాడు. వత్సవాయి బస్సు వచ్చేదాకా ఆడుకునే డిగ్రీ పిల్ల యశస్విని మాత్రం, ఇంతకన్నా మంచి ముగింపు లేదని ఒంటికాలి మీద లేచింది. జాన్‌బాషా సతీష్‌బాబు పక్షం వహించాడు. అన్నీ ఇచ్చేసి తలుపొక్కటే మిగిలిన రోజున ఆ పిల్ల చేతిలోంచి మౌసు లాక్కున్నాడు.

"నా షాపులో ఆ తలుపు ఎవరూ తీయగూడదు. అంతే."

పైకి కత్తి గురించి కోపమన్నాడు గానీ, కారణం అది కాదు. అప్పటికే కుర్రాళ్లు ఒక్కొక్కరే ఉద్యోగాలకి, పెళ్లిళ్లకి పోతున్నారు. ఈ ఒక్కతన్నా ఇక్కడ ఉండిపోతే బాగుండునని ఆయనకి అనిపించింది. ఆ ముగింపు గురించి ఎవరైనా నోరు తెరిస్తే చెవులు మూసుకునేవాడు. పేట ఏళ్ల తరబడి ఆ పొయ్యి దగ్గరే కూర్చుంది.

పొద్దున్నంతా మామూలుగానే గడిచింది. ఆధార్ జిరాక్సులు, ఓ రేషన్ కార్డు లామినేషన్. అది కాగానే ఆ మిషను పక్క ఫ్యాన్సీ షాపు కరీమాబీకి ఇచ్చేశాడు. ఆవిడ దాన్ని ఒళ్లో పెట్టుకుని, "కీసరకి పోతే పోయావ్ గానీ బాషా, అక్కడ టీలో పంచదార తగ్గించి తాగు," అంది. ఏడవకుండా ఉండటానికి ఆవిడ ఎవరినైనా ఇలాగే కసురుతుంది.

మధ్యాహ్నం యశస్విని వచ్చింది. ఇప్పుడు నందిగామలో టీచరు. సగం రోజు సెలవు పెట్టింది.

"తలుపు తీసేశారా అన్నా?"

"నువ్వు లేకుండా ఎట్టా తీస్తా టీచరమ్మా. కూర్చో."

మూల కంప్యూటరు మూలుగుతూ లేచింది. పేట పొయ్యి దగ్గరే ఉంది. జాన్‌బాషా ఆమెని నేరుగా తలుపు దగ్గరికి నడిపించలేదు. సత్రం వంటింట్లోకి తీసుకెళ్లి రొట్టెలు తీయించాడు, అల్మరాలోంచి మందు తీయించాడు. సంచి నింపి బల్ల మీద పెట్టించాడు.

"ఇంక ఎవరూ ఎక్కరుగా అన్నా," అంది యశస్విని మెల్లగా.

"అలవాటమ్మా."

తలుపు తీశాడు. పేట వెనక్కి చూడకుండా మంచులోకి నడిచింది. తలుపు మూసుకుంది. ఆయన కళ్లు తుడుచుకోవడానికి సిగ్గుపడలేదు. అయిపోయిందనుకుని లేవబోతే యశస్విని భుజం పట్టి కూర్చోబెట్టింది.

తెర మీద మళ్లీ అదే సత్రం. ముందు తలుపు తోసుకుని ఓ తడిసిన పిల్ల లోపలికొచ్చింది. ఎవరో బాటసారి. పొయ్యి దగ్గర కూర్చుని, బల్ల మీది సంచి చూసి, అటూ ఇటూ చూసి, విప్పింది. రొట్టె తీసి తినసాగింది.

"సంచి ఖాళీగా వదిలినవాళ్లకి ఈ పిల్ల ఆకలితోనే పడుకుంటుందన్నా. ఈ ఆట ఆడినవాళ్లలో ఎక్కువమంది అదే చూశారు. అందుకే అంత తిట్టారు."

"నీకు ముందే తెలుసా?"

"తర్వాత బీఈడీ హాస్టల్లో చూసా. చెప్పబోతే మీరు విన్నారా?"

జాన్‌బాషా ఆ పిల్ల తినడం అయ్యేదాకా తెర మీంచి చూపు తిప్పలేదు. తర్వాత నవ్వాడు.

"నేను రోజూ చెప్పిన మాటే ఇది. ఇన్నేళ్లూ దాని మీద నేనే అలిగి కూర్చున్నానమ్మా."

ఆటో వచ్చింది. కంప్యూటర్లు, కుర్చీలు, బోర్డు అన్నీ ఎక్కాయి. కుండని చూసి ఆటోవాడు వద్దన్నాడు, మట్టిది ఎవరు కొంటారని. జాన్‌బాషా షట్టరు దించి తాళం వేసి, తాళంచెవి ఓనరుకి ఇమ్మని కరీమాబీ చేతిలో పెట్టాడు. క్యాన్లో మిగిలిన నీళ్లు కుండలోకి వంచాడు. నందిగామ బస్సు కదులుతుంటే, యశస్విని లోపల్నుంచి కేకేసింది. ఆయన తల ముందుకి చాచుకుంటూ పరుగెత్తి ఎక్కాడు.

మూసిన షట్టరు ముందు, గడప పక్కన, అంచుదాకా నిండిన కుండ ఉంది. మూత మీద స్టీలు గ్లాసు బోర్లించి ఉంది.