నీలం గిన్నె

"ఆ నీలం గిన్నె కడిగేశావా ఏంటి?"

ఫైనల్ రోజు పొద్దున్న స్నానాల గదిలోంచి బయటికి వస్తూనే కర్ట్ అడిగిన మొదటి మాట అది. మూతి మీద పేస్టు నురగ ఇంకా తుడుచుకోలేదు. కడగలేదని చూపించాను. ముందురోజు ఓవెన్‌లో హాట్‌డిష్ వండిన గిన్నె, అడుగున మాంసమూ చీజూ మాడి అట్టకట్టుకుని, సింక్ పక్కనే ఉంది. వంగి గోటితో గీరి చూసి, "హమ్మయ్య, బాగానే మాడింది" అన్నాడు. ఇరవై ఆరేళ్ళ కాపురంలో నా వంట మాడినందుకు ఆయన సంతోషించడం ఈ ఒక్క చలికాలమే చూశాను.

కర్ట్ మా ఊరి కాలేజీ ఆడపిల్లల ఐస్ హాకీ జట్టుకి కోచ్. పదకొండేళ్ళుగా కోచ్. ఆ పదకొండేళ్ళూ జట్టు ఓడినప్పుడల్లా ఇంట్లో ఎవరు నోరు మూసుకుని తిరిగారో వేరే చెప్పక్కర్లేదు. పిల్లల జెర్సీల మీద పేర్లు కుట్టింది నేను. బస్సులో తినడానికి ఇరవై నాలుగు మందికి శాండ్‌విచ్‌లు కట్టింది నేను. ఎదుటి జట్ల ఆటల వీడియోలు చూసి, ఏ అమ్మాయి ఎటు కొడుతుందో కాగితం మీద రాసిచ్చింది కూడా నేనే. ఆ కాగితాన్ని ఆయన తన చేతిరాతతో తిరగరాసుకుని పట్టుకెళ్ళేవాడు.

నవంబరులో మొదటి మ్యాచ్, పోయినేటి చాంపియన్లతో. నేను కోటు తొడుక్కుని, బొత్తాలు పెట్టుకుని, గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఆయన కారు తాళాలు కనబడక చిర్రుబుర్రులాడుతూ నా వంక చూశాడు. "నువ్వొచ్చి ఏం చేస్తావు? ఆ గిన్నెల సంగతి చూడు" అన్నాడు. పెద్ద మాటేం కాదు. అంతకన్నా పెద్దవి చాలా పడ్డాను. కానీ ఆ రోజెందుకో కోటు విప్పి కొక్కేనికి తగిలించి, దాని బొత్తాలు మళ్ళీ ఒక్కొక్కటే పెట్టాను. సింక్ దగ్గర నిలబడి, రేడియో పెట్టుకుని, ఆ నీలం గిన్నెని అరగదీసినట్టు తోమాను. జట్టు రెండు ఒకటితో గెలిచింది.

ఆయన గాలిలో తేలుతూ ఇంటికొచ్చాడు. "ఆఖరి గోల్ పడ్డప్పుడు నువ్వెక్కడున్నావు?" అన్నాడు. "ఇక్కడే. గిన్నె తోముతున్నా" అన్నాను. అంతే, నా నెత్తిన పడింది. హాకీవాళ్ళకి ఒక పట్టింపు ఉంది. గెలుస్తున్నన్నాళ్ళు ఏదీ మార్చకూడదు. మేజోళ్ళు ఉతకరు, గడ్డం తియ్యరు, బస్సులో సీటు మారరు. మా ఇంట్లో మార్చకూడనిది నేను.

ప్రతి మ్యాచ్ రోజూ అదే వరస. "కోటు వేసుకో" అంటాడు. వేసుకుంటాను. "బొత్తాలు కూడా." పెట్టుకుంటాను. అప్పుడు గుమ్మంలో నిలబడి, నవ్వుతూ, పాఠం అప్పజెప్పినట్టు, "నువ్వొచ్చి ఏం చేస్తావు? ఆ గిన్నెల సంగతి చూడు" అంటాడు. నేను కోటు విప్పి తగిలించేదాకా చూసి వెళ్తాడు. కోపంలో అన్న మాటని మర్చిపోవచ్చు. నవ్వుతూ పందొమ్మిది సార్లు అంటే ఎలా మర్చిపోవడం? పందొమ్మిది సార్లూ జట్టు గెలిచింది.

ఈ ఇల్లు మా అత్తగారు లెంపీది. ఆవిడ పోయి నాలుగేళ్ళు. సింక్ ముందు నేల మీద పరిచిన లినోలియం రెండు చోట్ల అరిగి గుంటలు పడింది, సరిగ్గా రెండు పాదాల మేర. మా మామగారు కాగితం మిల్లు జట్టులో ఆడే రోజుల్లో ఆవిడ అక్కడే నిలబడేదట. "ఈ ఇంట్లో మొగాళ్ళ ఆటలన్నీ ఈ సింక్ దగ్గరే గెలిచాం అమ్మాయ్" అనేది. గర్వంగా చెప్పేదో కడుపుమంటతో చెప్పేదో, అప్పుడు నేను పట్టించుకోలేదు. పెళ్ళయి వచ్చిన కొత్తలో నా కాళ్ళు ఆ గుంటల్లో వదులుగా ఉండేవి. ఈ చలికాలం సరిగ్గా సరిపోయాయి.

ఇంకో సంగతి ఎవరికీ చెప్పలేదు. జనవరిలో ఒక మ్యాచ్ జరుగుతుండగా మా చెల్లెలు ఫోన్ చేసింది. సింక్ వదిలి హాల్లోకి వెళ్ళాను. "ఎలా ఉన్నావే?" అని అది అడిగి పూర్తిచేసే లోపల రేడియోలో రెండు గోల్స్ మా మీద పడ్డాయి. నలభై సెకన్లలో రెండు. పరుగున వచ్చి గుంటల్లో కాళ్ళు పెట్టాను. ఆగిపోయింది. కింద మంచు ఉన్నట్టు నేలలోంచి చలి మోకాళ్ళ దాకా ఎక్కింది. గోల్ కాసే మా గోలీ డార్సీ, రబ్బరు బిళ్ళలాంటి ఆ పక్‌ని పట్టినప్పుడల్లా నా ఎడమ అరచెయ్యి చురుక్కుమనడం మొదలుపెట్టింది. భయమేసింది. ఆ భయంలో కొంచెం గర్వం కూడా ఉందని ఒప్పుకోవాలి. అదే నాకు ఎక్కువ భయం.

ఫైనల్‌కి రెండు రోజుల ముందు డార్సీ మా ఇంటికొచ్చింది, చేతి తొడుగు పట్టీ తెగిందని కుట్టించుకోవడానికి. బల్ల మీదున్న నీలం గిన్నెని చూసి ఫక్కున నవ్వింది.

"ఇదేనా మేడమ్ ఆ గిన్నె? మేం బట్టలు మార్చుకునే గదిలో దీని ఫొటో అంటించారు. బయటికెళ్ళేటప్పుడు అందరూ దాన్ని ముట్టుకుని వెళ్ళాలి. కోచ్ రూలు."

"నా ఫొటో కాదూ?"

"గిన్నెదే" అంది, నవ్వు ఆపుకుని.

మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట ఒకావిడ. నాకు ఆ ఫొటో సంగతి అలా తగిలింది. తల వంచుకుని సూది ఎక్కించాను.

"నేను ముట్టుకోను లెండి" అంది డార్సీ. "గోల్ స్తంభాలకి రెండు దెబ్బలు కొడతా, అంతే. నాకు అది చాలు. నా గొడవ వేరే ఉంది. ఎడమ నుంచి షాట్ వస్తే ముందే కూలబడిపోతున్నా. కోచ్ అరుస్తాడు గాని ఎందుకో చెప్పడు."

"నువ్వు కర్ర వంక చూస్తున్నావు. ఆ అమ్మాయి భుజం వంక చూడు. భుజం దిగేదాకా నువ్వు మోకాళ్ళ మీదకి దిగకు."

లేచి, చీపురు కర్ర పట్టుకుని, స్టవ్‌కీ అలమరకీ మధ్య వంగి నిలబడి చూపించాను. నా మోకాళ్ళకి ఇంకా గుర్తుంది. డార్సీ నోరు తెరుచుకుని చూసింది.

"ఇదంతా మీకెలా తెలుసు?"

"ఇదే కాలేజీకి నేనూ గోలీనే. మగపిల్లలు పారేసిన కాళ్ళ కవచాలు కట్టుకుని ఆడేవాళ్ళం. పెళ్ళయ్యాక మానేశాను."

"కోచ్ ఒక్కసారి కూడా చెప్పలేదే!"

"అడగాల్సిన అవసరం నీకూ, చెప్పాల్సిన అవసరం ఆయనకీ రాలేదు."

ఆ పిల్ల తొడుగు తీసుకుంటూ, "శనివారం రండి మేడమ్. నా గోల్ వెనక అద్దం దగ్గర నిలబడండి" అంది.

"ఓడిపోతేనో?"

"ఓడిపోతే నేను ఓడిపోయినట్టు. గిన్నె కాదుగా ఆడేది!"

ఫైనల్ శనివారం సాయంత్రం నాలుగింటికి, మా ఊళ్ళోనే, మా ఇంటికి నాలుగు వీధుల అవతల ఐస్ రింక్‌లో. మధ్యాహ్నం బయల్దేరేటప్పుడు కర్ట్ ఆ వరసంతా జరిపించాడు. కోటు, బొత్తాలు, ఆ మాట. నేను కోటు తగిలించాక వెనక్కి తిరిగి, ఈసారి నవ్వకుండా, "ఇవాళ గాని కదిలావో, ఇరవై నాలుగు మంది పిల్లల ఉసురు నీకు తగుల్తుంది" అన్నాడు.

పసుపు ఏప్రన్ కట్టుకున్నాను. గుంటల్లో కాళ్ళు పెట్టాను. మూడు పీరియడ్లు అయ్యాయి. ఒకటి ఒకటి. ఓవర్‌టైమ్ మొదలవుతుందని, ముందు గోల్ కొట్టినవాళ్ళదే కప్పు అని రేడియో కుర్రవాడు గొంతు చించుకుంటున్నాడు. కిటికీ అవతల వెలుతురు పోతోంది. సింక్‌లో వేణ్ణీళ్ళు చల్లబడ్డాయి. నేను గిన్నెని ఇంకా ముట్టుకోలేదు. అప్పుడు, ఇన్నాళ్ళూ ఎందుకు తట్టలేదో తెలియదు గాని, ఒక చిన్న సంగతి తట్టింది. నేనిక్కడ నిలబడ్డందువల్లే వాళ్ళు గెలుస్తుంటే, ఆ గెలిపించేది నాలోనే ఉండాలి, సింక్‌లో కాదు. అది నాలో లేకపోతే నేనిక్కడ నిలబడనే అక్కర్లేదు. ఎటు చూసినా నాకు ఈ గుంటలతో పని లేదు.

కాలు ఎత్తబోతే రాలేదు. నిజంగానే రాలేదు. ఇంటి చెప్పులు నేలకి గడ్డకట్టుకుపోయినట్టున్నాయి. చెప్పుల్లోంచి పాదాలు ఊడబెరుక్కుని, చెప్పుల్ని అక్కడే వదిలి, ఏప్రన్ తీసి కుర్చీ మీద వేశాను. బూట్లు, కోటు, బొత్తాలు. తలుపు మీద చెయ్యి వేయగానే వంటగదిలోంచి మాట వినబడింది.

"నువ్వెళ్ళి ఏం చేస్తావు?"

కర్ట్ గొంతు కాదు. మా అత్తగారిదీ కాదు. నా గొంతే, బాగా అలిసిపోయి.

వెనక్కి చూడకుండా బయటపడ్డాను. వీధిలోకి వచ్చాక మాత్రం ఉండబట్టలేక తిరిగి చూశాను. వంటింటి కిటికీలో దీపం వెలుగుతోంది. పసుపు ఏప్రన్ కట్టుకుని సింక్ ముందు నేను నిలబడి ఉన్నాను. తల వంచుకుని తోముతున్నాను. తల ఎత్తలేదు. పిలుద్దామా అనిపించింది. పాపం అనిపించింది. తర్వాత ఒక్క పరుగున నాలుగు వీధులూ దాటాను.

రింక్ గుమ్మంలో టికెట్లు చూసే ముసలి ఆర్విల్ నన్ను చూసి బిత్తరపోయాడు. "అమ్మా, మరి గిన్నె ఎవరు తోముతున్నారు?" లోపలికి వెళ్ళి, డార్సీ గోల్ వెనక అద్దానికి అరచేతులు ఆనించి నిలబడ్డాను. ఎదురుగా బెంచీ మీదనుంచి అరుస్తున్న కర్ట్ చూపు నా మీదుగా రెండుసార్లు వెళ్ళింది, స్తంభం మీదుగా వెళ్ళినట్టు. డార్సీ మటుకు నీళ్ళ సీసా కోసం తిరిగి నన్ను చూసింది. స్తంభాలకి రెండు దెబ్బలు కొట్టింది.

ఎడమనుంచి వచ్చిందో పొడుగు పిల్ల, ఒంటరిగా, పక్‌తో. దిగకు, దిగకు అని గొణిగాను. డార్సీ దిగలేదు. ఆ పిల్ల భుజం దిగింది. అప్పుడు డార్సీ దిగి, పైకొచ్చిన పక్‌ని చేతి తొడుగులో పట్టేసింది. నా ఎడమ అరచెయ్యి చురుక్కుమంది. మరో రెండు నిమిషాలకి అవతలి కొసలో మా వాళ్ళు గోల్ కొట్టారు, హారన్ మోగింది. నా చుట్టూ ఉన్నవాళ్ళంతా ఒకళ్ళనొకళ్ళు కావలించుకుంటున్నారు. నేను అద్దానికి నుదురు ఆనించి ఏడ్చాను. ఇరవై ఆరేళ్ళకి సరిపడా ఏడ్చాను.

నడిచి ఇంటికొచ్చేసరికి వంటింట్లో ఎవరూ లేరు. చెప్పులు గుంటల్లోనే ఉన్నాయి. ఏప్రన్ కొక్కేనికి తగిలించి ఉంది, తడిగా. నేను ముట్టుకోని నీలం గిన్నె బోర్లించి ఉంది, తళతళలాడుతూ, అంచునుంచి నీటిచుక్కలు ఇంకా కారుతున్నాయి. ఎంతసేపు చూస్తూ నిలబడ్డానో తెలియదు. కారు ఆగిన చప్పుడైంది. కర్ట్ కప్పు పట్టుకుని వచ్చాడు. సరాసరి గిన్నె దగ్గరికి వెళ్ళి దాన్ని తట్టాడు.

"చూశావా! నువ్వు కదల్లేదు కాబట్టే!"

"నేను రింక్‌కి వచ్చాను కర్ట్. డార్సీ వెనకే నిలబడ్డాను."

"పోవే, హాస్యాలు" అని నవ్వాడు. "నువ్వొస్తే నాకు కనబడవా?"

బయట పిల్లల కారు హారన్ కొడుతోంది. కిటికీలోంచి డార్సీ తల బయటపెట్టి, "మేడమ్, వస్తున్నారా?" అని అరిచింది.

కర్ట్ కప్పుని గిన్నె పక్కన పెట్టి, రెంటినీ చూసుకుని మురిసిపోతూ, "వచ్చే ఏడు కూడా ఇక్కడే, ఇదే గిన్నె. సరేనా?" అన్నాడు.

"దాన్ని తోమినావిడ ఉంటుందిలే" అన్నాను.

కోటు ఇంకా ఒంటి మీదే ఉంది. తలుపు తీసుకుని వెళ్ళాను.