సంద్రం పక్కకి తిప్పు

పుట్టినరోజు నాడు ఎవరైనా పరీక్ష పెట్టుకుంటారా? సూర్యకళ పెట్టుకుంది. డ్రైవింగ్ టెస్టుకి స్లాటు సరిగ్గా ఆమె పందొమ్మిదో పుట్టినరోజు నాడే దొరికితే ఎగిరి గంతేసింది. ఆ పొద్దున తలంటు పోసుకుని, కొత్త చుడీదారు వేసుకుని, ఇంటి ముందున్న మినీ వ్యాను అద్దంలో నాలుగుసార్లు బొట్టు సరిచూసుకుంది. ఫిషింగ్ హార్బర్ వెనక వీధి అది. చేపల వేలంపాటకి వెళ్లే ఆడవాళ్లు బుట్టలతో పోతూ పోతూ ఆమెని చూసి నవ్వుకున్నారు.

వ్యాను సెకండ్ హ్యాండ్‌ది. ఆమె తండ్రి అప్పలరాజు కొన్నాడు. ఆయన మరబోటు డ్రైవరు. సముద్రం మీద ఆయనకి ఎదురులేదు గానీ రోడ్డు మీద సైకిలు కూడా రాదు. అందుకే బండి ఎవరు తోలాలన్నది ఇంట్లో పెద్ద తగువైంది. మేనల్లుడు నాగబాబు ఐస్ ఫ్యాక్టరీ బండి తోలతాడు, లైసెన్సు ఉంది. సూర్యకళకి క్లచ్ వదలడం దగ్గర్నుంచి అన్నీ నేర్పింది కూడా అతనే.

"ఇయాల పాసయ్యేవా, తాళాలు నీవి," అన్నాడు అప్పలరాజు కాఫీ తాగుతూ. "లేదంటే రేపట్నించి నాగబాబు తోల్తాడు. సేపలు నీ లైసెన్సు కోసం ఆగవే గుంటా. ఇంకోపాలి రాత్తానంటే కుదర్దు."

సూర్యకళ తలూపింది. నాగబాబు మంచివాడే, కాదనలేదు. కానీ అతనికి ఐస్ ఫ్యాక్టరీ పని ముందు, అత్త బుట్టలు తర్వాత. తల్లి చిట్టమ్మ ఇన్నేళ్లుగా పాటలో చేపలు కొని, ఎవరిదో ఆటో బతిమాలుకుని, వెనక బుట్టల మధ్య నిలబడి పూర్ణా మార్కెట్‌కి వెళుతోంది. వానొస్తే తడుస్తుంది, బ్రేకేస్తే పడుతుంది, డ్రైవరు విసుక్కుంటే పడి ఊరుకుంటుంది. ముందు సీటు మీద ఆమెని ఎవరూ ఎప్పుడూ కూర్చోబెట్టలేదు. తన తల్లి ముందు సీట్లో కూర్చోవాలి. సూర్యకళకి కావలసింది అదొక్కటే.

టెస్టు గ్రౌండుకి సూర్యకళే తోలింది, నాగబాబు పక్కన కూర్చున్నాడు. అమ్మా నాన్నా వెనకాల ఆటోలో వచ్చారు. దారంతా నాగబాబు పాఠం ఆపలేదు.

"ఎనిమిది నీకు నీళ్లు తాగినట్టే. తరవాత రోడ్డు మీదకి తీసుకెల్తారు. గేటు దాటేక సంద్రం పక్కకి తిప్పిత్తారు, నాను ఎన్నిసార్లు సూసినానో. సంద్రం పక్క, గుర్తెట్టుకో."

ఇక్కడ వాళ్లింటి భాష గురించి ఒక మాట చెప్పాలి. ఆ ఇంట్లో కుడి ఎడమలు లేవు. ఉన్నవి రెండే, సంద్రం పక్క, దానికి ఎదురుగా నేల వైపు మెట్ట పక్క. సంద్రం పక్క డబ్బాలో ఉప్పు, మెట్ట పక్క డబ్బాలో కారం. ఒకసారి అప్పలరాజు పళ్ల డాక్టరు దగ్గరికి పోయి "సంద్రం పక్క పన్ను లాగేత్తంది" అంటే, పాపం ఆ డాక్టరు పెద్ద లైటు పట్టుకుని నోరంతా వెతికాడు. సూర్యకళ ఇంటర్ పాసయింది, కుడి ఎడమలు తెలియక కాదు. తలకి తెలుసు, చేతులకి తెలియదు. నాగబాబు నేర్పినన్నాళ్లూ "సంద్రం పక్కకి తిప్పు, మెట్ట పక్కకి కొయ్యి" అనే నేర్పాడు మరి.

ఎనిమిది అంకె మీద బండి నూనె రాసినట్టు తిరిగింది. రివర్సులో ఒక్క గీతా తొక్కలేదు. గట్టుమీద ఆపి మళ్లీ లాగితే బండి వెంట్రుకవాసి కూడా వెనక్కి జారలేదు. కంచె అవతల చిట్టమ్మ చేతులు జోడించే ఉంది. అప్పలరాజు మాత్రం తనకేమీ పట్టనట్టు ఆకాశం చూస్తున్నాడు గానీ, చెవులు ఇంజను మీదే ఉన్నాయి.

తర్వాత ఇన్‌స్పెక్టరు భీమశంకరరావు వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. గోదావరి వైపు మనిషి, నెమ్మదస్తుడు. "పోనివ్వండమ్మా. గేటు దాటాక లెఫ్ట్ తీసుకోండి," అన్నాడు.

గేటు వచ్చింది. సూర్యకళ అద్దాలు చూసింది, గేరు మార్చింది, సంద్రం పక్కకి ఇండికేటరు వేసింది. అది కుడి. హాయిగా, ఒద్దికగా బండి కుడికి తిరగసాగింది. ఆహా, ఎంత బాగా తిప్పుతున్నానో అని మురిసిపోయింది కూడాను.

"లెఫ్టమ్మా, లెఫ్ట్," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

అప్పుడు తగిలింది దెబ్బ. స్టీరింగు వెనక్కి తిప్పేయాలని చేతులు పీకాయి. కానీ అద్దంలో గ్యాసు బండలు కట్టుకున్న మోటారు సైకిలొకటి కనబడింది. ఈమె కుడికి పోతోందని నమ్మి, ఎడమ పక్కనించి దూసుకొస్తోంది. సూర్యకళ చేతులు కదపలేదు. పట్టిన కుడి వైపుకే బండిని పూర్తిగా తిప్పి, కొంత దూరం పోయి, రోడ్డు పక్కన ఆపి హ్యాండ్ బ్రేకు వేసింది. అయిపోయింది, అన్నీ అయిపోయాయి అనుకుంది.

"నేను చెప్పింది వినబడలేదా?" అన్నాడు ఆయన.

"ఇనబడిందండి. అప్పటికే సిగ్నల్ ఏసేసినానండి." "మా నాన్న బోటు డ్రైవరండి. ఎదర బోటుకి ముక్కు ఎటు సూపిత్తే అటే ఎల్లాలంటాడు. మద్దెలో మనసు మార్చుకుంటే రెండు బోట్లూ గుద్దుకుంటాయంటాడు. ఆ బండబ్బాయి నన్ను నమ్మి వచ్చేత్తన్నాడండి."

"అది సరే. అసలు కుడికెందుకు వేశారు?"

దాచి లాభమేముంది? సంద్రం పక్క, మెట్ట పక్క సంగతంతా చెప్పేసింది. చెబుతుంటే ఏడుపొచ్చింది, చున్నీతో తుడుచుకుంది. పుట్టినరోజని కూడా చెప్పేసింది, అదెందుకు చెప్పిందో ఆమెకే తెలియదు.

ఆయన నవ్వలేదు. "తప్పు దారిలో జాగ్రత్తగా వెళ్లారు. దానికి నేను తప్పు వెయ్యను. కానీ రోడ్డు మీద అందరికీ సముద్రం కనబడదు కదమ్మా. కుడి ఎడమలు రాకపోతే బండి ఇవ్వలేను. పదండి, మళ్లీ చూద్దాం."

మళ్లీ చూద్దాం అన్నాడు. ఆ ఒక్క మాటకి సూర్యకళకి ప్రాణం లేచొచ్చింది. స్టీరింగు మీది రెండు చేతులూ చూసుకుంది. అన్నం తినే చెయ్యి కుడి, తినని చెయ్యి ఎడమ. అంతే కదా, చిన్నపిల్లలకి తెలుసు.

"రైట్."

అన్నం తినే చెయ్యి. తిప్పింది.

"లెఫ్ట్. ఇప్పుడు రైట్. మళ్లీ రైట్."

సందు వెంట సందు తిప్పించాడు, తూరుపో పడమరో తెలియనంతగా తిప్పించాడు. మొదట్లో పెదాలు కదిలిస్తూ తిప్పింది. తర్వాత పెదాలు ఆగాయి, చేతులే వెళ్లాయి. జీవితంలో మొదటిసారి సముద్రం ఎటుందో పట్టించుకోకుండా బండి తోలింది, అబ్బ, ఎంత బాగుందో ఆమెకి. మళ్లీ గేటు దగ్గరికి వచ్చాక ఆయన చేతిలోని ట్యాబులో ఏదో నొక్కి, "పుట్టినరోజు శుభాకాంక్షలమ్మా," అని దిగి వెళ్లిపోయాడు. పాసో ఫెయిలో చెప్పలేదు. ఇలాంటి మనుషుల్ని ఏమనాలి?

నాగబాబు పరిగెత్తుకొచ్చాడు. "నాను సెప్పినట్టే సంద్రం పక్కకి తిప్పేవు గదా? సెబాసు."

"నీ సంద్రం తగలెయ్య, ఊరుకో బావా."

ఫలితం ఫోనుకే మెసేజీ వస్తుందన్నారు, నలుగురూ ఒక్క ఫోను చుట్టూ మూగారు. ఎంతకీ మోగదే. అప్పలరాజు రెండుసార్లు దాన్ని తిరగేసి చూశాడు. చివరికి టింగుమంది. సూర్యకళ చదివింది, మళ్లీ చదివింది, ఫోను తండ్రి చేతిలో పెట్టి చిట్టమ్మని నడుం పట్టుకుని గిరగిరా తిప్పేసింది.

అప్పలరాజు బండికున్న తాళాలు తీసి కూతురి చేతికిచ్చాడు. తర్వాత వ్యాను వెనక ఎక్కబోయాడు.

"దిగు నాన్నా. సామాన్ల బండిలో మనుసులు ఎక్కకూడదు. నువ్వూ బావా ఆటోలో రండి."

బోటు మీద పదిమందిని అదిలించే మనిషి బుద్ధిగా దిగాడు. ముందు తలుపు తీసి పట్టుకుంది సూర్యకళ. చిట్టమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి, ఎక్కి, సీటు చివర కూర్చుంది.

"వెనక్కి జరిగి కూకోయే అమ్మా. ఇంటికేనా?"

"ఇంటికేటి? మార్కెట్‌కి పోనీ."

"సేపల్లేవు గదే."

"లేకపోతే ఏటి? పోనీ నువ్వు."

పూర్ణా మార్కెట్ దగ్గర వ్యాను ఆగింది. చిట్టమ్మ ముందు తలుపు తీసుకుని, ఒట్టి చేతులతో, తీరిగ్గా దిగింది. రోజూ ఆమె పక్కన కూర్చుని అమ్మే కుసుమకుమారి నోరు తెరిచి చూసింది.

"ఏటే చిట్టమ్మా, ఇయాల ఏటి తెచ్చేవు?"

"ఏటీ తేలేదే," అంది చిట్టమ్మ. "నన్నే తెచ్చింది మా పాప."